ఇసుక మీద ఓనమాలు

వీధిబడికి ఆదివారం సెలవు లేదు. నూటయాభై, రెండు వందల ఏళ్ల కిందటి తెలుగు పల్లెలో బడి ఎప్పుడు మూయాలో చెప్పింది చంద్రుడు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి అనధ్యయన దినాలు. ఆ రోజుల్లో కొత్త పాఠం చెప్పకూడదు, చెప్పినా ఒంటబట్టదని పెద్దల నమ్మకం. అందులోనూ పాడ్యమి మరీ పనికిరాదు. పాడ్యమినాడు చదివేవాడి చదువులాగా సీత చిక్కిపోయి ఉందని సుందరకాండలో హనుమంతుడు వచ్చి చెబుతాడు. వీధిబడి అయ్యవారి సెలవుల లెక్కకు వెనక అంత పాత ఆధారం ఉంది. ఎల్లుండే కదా అష్టమి అని వేళ్ల మీద లెక్క పెట్టుకోవడానికైనా పిల్లవాడు తిథులు నేర్చుకునేవాడు. పొద్దుగూకే వేళ బడి వదిలే ముందు అందరూ ఒక్క గొంతుతో వల్లించే వారాలు, నెలలు, నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు వాడికి బరువైన పాఠంగా కాక రోజూ పనికొచ్చే సమాచారంగా అందేవి.

ఆ బడికి ప్రత్యేకంగా కట్టడమంటూ ఏదీ ఉండేది కాదు. ఎవరింటిదో వీధి అరుగు, గుడి మంటపం, ఊరి చావడి, లేదంటే చెట్టు నీడ. ఒక అయ్యవారు, చుట్టూ పిల్లలు. అరుగు వీధిలోకి తెరిచి ఉంటుంది కాబట్టి లోపల జరిగే చదువంతా ఊరికి వినబడేది. గుణింతం తప్పు చదివితే దారినపోయే తాత సరిదిద్దగలడు. ఐదేళ్ల పిల్లలు, పన్నెండేళ్ల పిల్లలు ఒకే చోట కూర్చునేవారు. శిశువిద్య అన్న వేరే శాఖ అప్పటికి లేదు, కానీ శిశువుకు మొదటి అక్షరం ఎలా నేర్పాలన్న పద్ధతి మాత్రం చాలా స్థిరంగా ఉండేది. ఆ పద్ధతి మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఒక ప్రభుత్వ విచారణ.

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఒక మినిట్, అంటే ప్రభుత్వ లిఖితాభిప్రాయం, రాశాడు. తన పాలనలో ఉన్న దేశంలో చదువు ఏ స్థితిలో ఉందో ప్రభుత్వానికి తెలియదని ఒప్పుకుంటూ, జిల్లాలవారీగా బడుల లెక్క, పిల్లల లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. జవాబులన్నీ చేరాక 1826 మార్చి 10న మొత్తం తేల్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలో 12,498 బడులు, 1,88,650 మంది చదువరులు, 1,28,50,941 మంది జనం. అంటే 67 మందికి ఒకరు. ఇళ్లలో చదువుకునేవాళ్లను కలిపితే మగపిల్లల్లో మూడో వంతు దాకా చదువు అందుతోందని మన్రో అంచనా వేశాడు.

కలెక్టర్లలో ఎక్కువమంది పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టు 17న ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. ఆనాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. 1882లో గాని అది విడిపోలేదు. పైగా కాంప్‌బెల్ తెలుగు తెలిసినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చువేయించినవాడు. అందువల్ల ఆయన అరుగు దగ్గర నిలబడి చూసినప్పుడు పిల్లలు ఏం వల్లిస్తున్నారో అర్థమయ్యే ఉంటుంది. ఆ జిల్లాలో 533 బడులని ఆయన లెక్క తేల్చాడు. కన్నడం చెప్పేవి 235, తెలుగు 226, మిగిలినవి మరాఠీ, సంస్కృతం, పారసీ, తమిళం, ఒకే ఒక్కటి ఇంగ్లీషు. పిల్లలు 6,641 మంది. భాగిస్తే బడికి పన్నెండు మంది చొప్పున వస్తారు. ఒక అయ్యవారు ప్రతి పిల్లవాడి వేలూ పట్టుకోగలిగిన సంఖ్య అది. ఈ చిన్న భాగహారంలో ఆ బడి బలమంతా ఉంది.

ఉదయం ఆరింటికి బడి మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. అది గౌరవం. రెండోవాడి అరచేతిలో సున్న చుట్టేవారు. వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. పన్నెండు మంది బడిలో చివర వచ్చిన పసివాడికి పది దెబ్బలు పడతాయన్నమాట. తెల్లవారుజామున అమ్మను లేపి బడికి పరుగెత్తే పిల్లల్ని ఊహించుకోవచ్చు. చీకట్లోనే ఏడుస్తూ లేచిన పిల్లల్నీ ఊహించుకోవచ్చు. కాంప్‌బెల్ ఈ రెండింటిలో దేన్నీ దాచలేదు.

పిల్లలంతా చేరాక వాళ్లను చదువును బట్టి గుంపులు చేసేవారు. పెద్ద చదువు చదివేవాళ్లను అయ్యవారు స్వయంగా చూసుకునేవారు. చిన్నవాళ్లను కాస్త ముందున్న పిల్లలకు అప్పగించి, పైనుంచి ఒక కన్ను వేసి ఉంచేవారు. ఎనిమిదేళ్ల పిల్ల ఐదేళ్ల పిల్లకు 'క' దిద్దించడమంటే తనకు వచ్చిన అక్షరాన్ని మరోసారి గట్టిపరుచుకోవడం. నేర్పేవాడు, నేర్చుకునేవాడు ఇద్దరూ బాగుపడే ఏర్పాటు ఇది. కాంప్‌బెల్ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది దీన్నే. ఇంగ్లండులో దీన్ని అనుకరించారంటే అందుకు అది అర్హమైనదేనని ఆయన రాశాడు. ఆ అనుకరణ కథ కొంత సేపట్లో చూద్దాం.

ముందు అక్షరం సంగతి. ఐదో ఏడు రాగానే పిల్లవాడి ఇంటికి అయ్యవారిని, బడి పిల్లలందరినీ పిలిచేవారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటే, కొత్త పిల్లవాడిని బొమ్మకు ఎదురుగా కూర్చోబెట్టేవారు. ధూపం వేసి నైవేద్యం పెట్టాక, బుద్ధినిమ్మని అయ్యవారు వాడిచేత వినాయకుణ్ని వేడుకోమనిపించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. తోచినంత కట్నం అందుకుని ఆయన లేచేవారు. మర్నాడు పొద్దున్నుంచి చదువు. ఈ కార్యానికి ఊళ్లోని బడి మొత్తం తరలిరావడం గమనించాల్సిన విషయం. పిల్లవాడు కొత్త చోటికి వెళ్లకముందే ఆ చోటే వాడి ఇంటికి వచ్చేది. మొదటిరోజు బడిలో కనబడే ముఖాలన్నీ నిన్న తన ఇంట్లో పప్పుబెల్లాలు తిన్న ముఖాలే.

బియ్యం తర్వాత ఇసుక. నేల మీద సన్నని ఇసుక పరిచి, దాని మీద వేలితో అక్షరాలు దిద్దించేవారు. ఇక్కడ కాంప్‌బెల్ ఒక మంచి సంగతి పట్టుకున్నాడు. ఐరోపాలోలాగా అక్షరాల పేర్లు ముందు పలికించి, గుర్తుపట్టించి, ఎప్పటికో రాయించడం ఇక్కడ లేదు. రాస్తూనే నేర్చుకోవడం. వేలు కదులుతుంటే నోరు పలుకుతుంది, కన్ను చూస్తుంది. తప్పు పోతే అరచేత్తో ఒక్కసారి తుడిస్తే చాలు, మళ్లీ కొత్త నేల. తెలుగు అక్షరాల మలుపులు, తలకట్లు, సుడులు, కొమ్ములు ఐదేళ్ల చేతికి కొరుకుడు పడాలంటే ఇంతకన్నా మెత్తని దారి ఉంటుందని అనుకోలేం. పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన వేళ్ల బిగువు ఆ వయసుకు ఇంకా పూర్తిగా రాదు. చూపుడు వేలుకు మాత్రం ఆకారం తెలుసు.

వేలు తిరిగాక గాని చేతికి సాధనం ఇచ్చేవారు కాదు. తాటాకు మీద గంటం, కాగితం మీద కలం, కొన్నిచోట్ల ఈశ్వరి ఆకుల మీద రాత, అన్నిటికన్నా ఎక్కువగా పలక. ఆ పలక రాతిది కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్కకు అన్నం, బొగ్గుపొడి కలిపి పట్టించి నునుపు చేసేవారు. ఇంకో రకం కడితం. గుడ్డకు గంజి పెట్టి బిగువు చేసి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగురు కలిపిన పూత పూసేవారు. రెంటి మీదా రాసేది తెల్లని బలపంతోనే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వంటింట్లో మిగిలిన అన్నం, పొయ్యిలో బొగ్గు, ఏటి ఇసుక, చేలగట్టు ఆకు: బడికి కావలసిన సామాను ఊళ్లోనే దొరికేది. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడం మెచ్చదగినదని కాంప్‌బెల్ రాసింది ఊరికే కాదు. పేదవాడికి బడి అందాలంటే మొదటి అడ్డంకి సామాను ఖర్చే.

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అయ్యాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు రాయించేవారు. ఆ తర్వాత అంకెలు, నూరు దాకా లెక్క, కూడికల పట్టీ, ఎక్కాలు, ఆపైన కాలు, అర, వీసం, కాని వంటి భిన్నాలు. దశాంశాలు తెలియని ఆ లెక్కల్లో అన్నీ నాలుగో వంతుల మీద నడిచేవి. వీసమంటే పదహారో వంతు, కాని అంటే అరవై నాలుగో వంతు. అంగడిలో, కళ్లంలో మరునాడే అవసరపడే లెక్కలు. ఆ పిమ్మట రకరకాల చేతిరాతల జాబులు చదవడం, తాము జాబులు రాయడం, పద్యాలు కంఠస్థం చేయడం.

ఏం చదివేవారో తెలుసుకోవాలంటే అదే విచారణకు రాజమండ్రి నుంచి వెళ్లిన జాబితా చూడాలి. అక్కడి బడుల్లో వాడుకలో ఉన్న పుస్తకాల పేర్లు అందులో వరసగా ఉన్నాయి. బాలరామాయణం, రుక్మిణీకల్యాణం, గజేంద్రమోక్షం, దాశరథి, కృష్ణ, సుమతి, భాస్కర శతకాలు, అమరం, ఆంధ్రనామసంగ్రహం, పావులూరి గణితం. పావులూరి మల్లన పదకొండో శతాబ్దపు కవి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా గోదావరి ఒడ్డున పిల్లలు ఆయన లెక్కలు కడుతున్నారు. ఆ జాబితా వెళ్లిన పాతికేళ్లకు, 1848లో, అదే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పుట్టాడు. ఐదో ఏట వీధిబడిలో చేరి ఆయన చదివినవి బాలరామాయణం, ఆంధ్రనామసంగ్రహం, అమరం, రుక్మిణీకల్యాణం, సుమతి, కృష్ణ శతకాలు. కలెక్టరు కచేరీ కాగితంలో ఉన్న పేర్లే ఒక మనిషి ఆత్మకథలో మళ్లీ వినిపిస్తాయి. ఆధునిక తెలుగు వచనానికి దారి వేసిన మనిషి అరుగు బడి నుంచే బయలుదేరాడు.

ఇప్పుడు ఇంగ్లండు కథ. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక ఉదయం గుర్రం మీద వెళుతూ ఒక తమిళ బడి ముందు ఆగాడు. పిల్లలు నేల మీద ఇసుకలో వేళ్లతో అక్షరాలు రాస్తున్నారు. బెల్ తన ఆశ్రమంలో అదే పెట్టించబోతే అక్కడి ఉపాధ్యాయుడికి నచ్చలేదు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి చిన్నపిల్లల తరగతి అప్పగించాడు. పని సాగింది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే ఆ ఏర్పాటు గురించి 1797లో లండన్లో ఆయన అచ్చువేసిన పుస్తకం మద్రాసు పద్ధతి అన్న పేరును లోకానికి ఇచ్చింది. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయుడు అదే దారిలో వందలకొద్దీ పిల్లలతో బడులు నడిపాడు. ఫ్యాక్టరీల ఊళ్లలో పేదపిల్లలు నిండిన ఆ బడుల్లో అన్నిటికన్నా చిన్న తరగతికి ఇసుక పోసిన బల్ల ఉండేది. మన వాకిట్లో పరిచిన ఇసుక లండన్ బల్ల మీదికి ఎక్కింది.

అయితే ఓడలో ఇసుక బల్ల వెళ్లింది గాని, పన్నెండు మంది పిల్లల కొలత వెళ్లలేదు. ఇక్కడ పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెప్పడం అయ్యవారి కళ్ల ముందు జరిగేది. అక్కడ ఒక్క గురువు కింద వందల మందిని నడిపే యంత్రమైంది. ఈ తేడా ముఖ్యం. పద్ధతి ఒకటే అయినా, ఎంతమందికి అన్నదాన్ని బట్టి అది ఆదరణ అవుతుంది, లేదా కవాతు అవుతుంది.

వీధిబడిని పొగిడేవాళ్లు తరచూ ఇక్కడితో ఆపేస్తారు. 1983లో చరిత్ర పరిశోధకుడు ధరంపాల్ ఈ కలెక్టర్ల ఉత్తరాలన్నింటినీ ఒకచోట చేర్చి అచ్చువేసిన తర్వాత ఆ పొగడ్త మరీ పెరిగింది. ఆ పుస్తకం చేసిన మేలు పెద్దది. బ్రిటిష్‌వాళ్లు రాకముందు మనకు చదువే లేదన్న మాటను అంకెలతో కొట్టిపారేసింది. కానీ అవే కాగితాల్లో మిగిలిన సంగతులూ ఉన్నాయి. సోమరి పిల్లవాడి రెండు చేతులూ తాడుకు కట్టి దూలానికి వేలాడదీయడం కాంప్‌బెల్ రాశాడు. తెలుగు ఇళ్లలో దాని పేరు కోదండం. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, చింతబరికె ఆ తర్వాతి తరాల ఆత్మకథల్లో తరచూ కనిపిస్తాయి. ఐదేళ్ల ఒంటి మీద ఇదంతా చదువు పేరిట జరిగింది. దీన్ని ఆనాటి ఆచారమని సర్ది చెప్పడం ఆ పిల్లలకు అన్యాయం.

కంఠస్థం సంగతీ అంతే. పద్యం నోటికి వచ్చేది, అర్థం చెప్పేవారు కాదు. పుస్తకాల భాష వ్యవహారంలో లేని కావ్యభాష కావడంతో పిల్లలు చిలకల్లా వల్లిస్తున్నారని కాంప్‌బెల్ బాధపడ్డాడు. అంతకుముందే 1820లో, నెల్లూరు, ఒంగోలు సీమలో పెరిగి మద్రాసు సదరు అదాలతులో దుబాసీగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు, మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి రాసిన నివేదికలో ఇదే లోపాన్ని ఎత్తిచూపాడు. బయటివాడు చెప్పినదానికన్నా ఆ అరుగుల మీదినుంచే వచ్చిన మనిషి చెప్పినది బరువైన సాక్ష్యం.

ఇక ఎవరి పిల్లలు? బళ్లారి పట్టిక ఈ ప్రశ్నకు నిలకడగా జవాబిస్తుంది. హిందూ పిల్లలు 6,398 మంది, ముస్లిం పిల్లలు 243 మంది. హిందూ మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలు 1,174. చదువు ఒక్క కులానిదే అన్న మాట ఇక్కడ నిలవదు. విశ్వకర్మ పురాణం చదివే కంసాలి, వడ్రంగి పిల్లలు, తమ పురాణాలు చదివే లింగాయతు పిల్లలు ఆ బడుల్లో ఉన్నారు. కానీ అంటరానివారిగా దూరం పెట్టిన కులాల పిల్లలకు ఊరి అరుగు మీద చోటు లేదు. ఆడపిల్లలు మొత్తం 60 మంది. తొమ్మిది లక్షలకు పైబడిన జనాభాలో అరవై మంది. ఈ అంకె ముందు ఏ పొగడ్తా నిలవదు.

అయ్యవారి బతుకూ అంతంత మాత్రమే. పిల్లవాడికి నెలకు పావలా నుంచి అర్ధరూపాయి దాకా వస్తే, నెల మొత్తానికి ఆరేడు రూపాయలు దాటడం అరుదు. బియ్యం, కూరగాయలు, పండగ కట్నాలు దానికి తోడు. ఏడాదికి ఒకసారి ఆయనకు కాస్త చేయి నిండేది దసరాకు. నవరాత్రుల్లో పిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, అయ్యవారిని ముందు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పద్యాలు పాడేవారు. విల్లంబుల్లోంచి పూలు, బుక్కాయి చల్లేవారు. గురువుగారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అడిగే ఆ పాటలు తెలుగువాళ్లకు ఇప్పటికీ నోటికి వస్తాయి. ఊరి ముందు పిల్లల గొంతు, ఉచ్చారణ, జ్ఞాపకం బయటపడే సందర్భం అది. గురువుకు జీతం ఇచ్చేది ప్రభుత్వం కాదు, ఊరు. ఊరు అది ఇచ్చేది ఏడాది పొడవునా విన్న చదువును ఒక్కసారి కళ్లారా చూసి.

ఊరి చేతిలో డబ్బు ఆడటం మానేశాక ఆ ఏర్పాటు సడలింది. ఆ 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వ సాయం లేదని, చెప్పడానికి సిగ్గుగా ఉందని కాంప్‌బెల్ రాశాడు. ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేత దెబ్బతినడం, పన్ను రాబడి దేశం దాటిపోవడం, జనం పేదలు కావడం వల్లనే బడులు తగ్గాయని కారణం కూడా తేల్చాడు. చాలీచాలని తల్లిదండ్రులు పిల్లల చేతులు కాస్త గట్టిపడగానే పనికి పంపుతున్నారన్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ కంపెనీ ఏలుబడి మీద ఈ మాట రాయడానికి ధైర్యం కావాలి.

1850ల్లో గోదావరి సీమలో ఒక అరుదైన ప్రయత్నం జరిగింది. సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ ప్రోద్బలంతో నరసాపురం చుట్టుపట్ల గ్రామాల రైతులు తమ శిస్తు మీద కొంత సుంకం తామే వేసుకుని బడులు పెట్టుకున్నారు. చరిత్రలో వీటిని రేటు స్కూళ్లంటారు. ఆ దశాబ్దంలోనే, 1854లో, ప్రభుత్వ విద్యావిధానాన్ని నిర్దేశించిన వుడ్స్ డిస్పాచ్, 1860ల్లో పరీక్షా ఫలితాలను బట్టి ఇచ్చే గ్రాంట్లు వచ్చాయి. తనిఖీ అధికారి వస్తాడు, పిల్లల్ని అడుగుతాడు, ఎంతమంది నెగ్గితే అంత డబ్బు. దాంతో అరుగు మీద బడి లోపలినుంచి మారిపోయింది. ఎవరి వేగాన వాళ్లు సాగే పిల్లలు తరగతులుగా విడిపోయారు. ఒకటో తరగతికి ముందు శిశుతరగతి అన్న మెట్టు పుట్టింది. పంచాంగం పోయి గడియారం, దాని వెంట ఆదివారం వచ్చాయి. 1866లో జాన్ క్లవ్ ఒంగోలు చేరాక అమెరికన్ బాప్టిస్టు మిషను పల్లెబడుల్లో మాదిగ పిల్లలు పలక పట్టారు. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం ఆడపిల్లల బడి తెరిచాడు. అరుగు ఎవరిని దూరం పెట్టిందో వాళ్లకు మొదటి అక్షరం ఈ కొత్త బడుల్లోనే అందింది. పోయినదాన్ని తలుచుకుని బాధపడేటప్పుడు ఈ రాబడిని మరవకూడదు.

పుస్తకమూ మారింది. పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష, దాన్ని పెంచిన పెద్దబాలశిక్ష అయ్యవారి నోట్లో ఉన్నదంతా అచ్చులోకి తెచ్చాయి. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, తిథులు, నీతివాక్యాలు, కథలు అన్నీ ఒకే అట్టల మధ్య చేరాయి. తాటాకు లేని ఇంట్లో కూడా ఒక పెద్దబాలశిక్ష ఉండటం మామూలైంది.

చెక్కపలక స్థానంలో రాతిపలక వచ్చింది. దానితో ప్రకాశం ప్రాంతంలోని మార్కాపురం పేరు దేశమంతా తెలిసింది. అక్కడి గనుల్లో పొరలుపొరలుగా లేచే నల్లరాయిని పలచగా చీల్చి, నునుపు చేసి, నాలుగువైపులా చెక్క చట్రం బిగిస్తే పలక. కొన్ని తరాల భారతీయుల మొదటి అక్షరాలు ఈ రాయి మీదే పడ్డాయి. ఆ రాతిదుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెచ్చింది. పైగా ఆ పనిలో పిల్లలు ఉండేవారు. బాలకార్మికుల మీద అధ్యయనాల్లో మార్కాపురం పలకల పరిశ్రమ పేరు పదేపదే కనిపిస్తుంది. ఒక పిల్ల ఓనమాలు దిద్దుకునే పలకను బడి ముఖం చూడని ఇంకో పిల్ల నునుపు చేసింది. తెలుగు నేల మీద శిశువిద్య చరిత్ర రాసేవాళ్లెవరైనా ఈ వాక్యం రాయక తప్పదు.

తెలంగాణలో దారి వేరు. నిజాం రాజ్యంలో సర్కారీ చదువు ఉర్దూలో సాగితే, తెలుగు అక్షరం ఊరి పంతులు నడిపే ఖాన్గీ బడిలో బతికింది. 1920ల్లో ఖాన్గీ బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి చేయడంతో అవి చాలా మూతబడ్డాయి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడ మొదలై ఆ ఉద్యమం చేసిన పోరాటంలో తల్లిభాషలో ప్రాథమిక విద్య, ఖాన్గీ బడుల మీద ఆంక్షల రద్దు ముఖ్యమైనవి. పసివాడి మొదటి అక్షరం ఏ భాషలో ఉండాలన్నది అక్కడ రాజకీయ ప్రశ్న.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారులో దిగింది. అప్పటికి ఆమెకు అరవై తొమ్మిదేళ్లు. 1907లో రోము నగరంలోని శాన్ లోరెంజో పేటలో కూలీల పిల్లల కోసం ఆమె తెరిచిన ఇల్లు అప్పటికే లోకప్రసిద్ధం. వచ్చిన కొద్ది నెలలకే ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగడంతో ఆమె, ఆమె కొడుకు మారియో శత్రుదేశస్థులయ్యారు. మారియోను నిర్బంధించి, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు విడిచిపెట్టారు. యుద్ధం ముగిసేదాకా ఆమె ఇక్కడే, అడయారులో, కొడైకెనాలులో ఉండి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆ శిక్షణలో ఒక ముఖ్యమైన సాధనం గరుకుకాగితంతో కత్తిరించి చెక్కకు అంటించిన అక్షరాలు. పిల్ల చూపుడు వేలితో ఆ గరుకు మీద అక్షరం వంపును తడుముతుంది, శబ్దం పలుకుతుంది, ఆ తర్వాతే రాస్తుంది. చిన్నపిల్లలు పెద్దపిల్లలు ఒకే గదిలో కలిసి ఉంటారు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. ఆమె తన పరిశీలనతో, తన శాస్త్రంతో చేరుకున్న చోటు అది. ఒకప్పుడు బెల్ గుర్రం ఆపి ఇసుక బడిని చూసిన మద్రాసులోనే ఆ పాఠాలు సాగాయి. వేలితో మొదలు, తోటి పిల్లల దగ్గర చదువు అన్న ఈ రెండింటినీ మనం వదులుకున్నాం. అవి కొత్త పేరుతో, బెత్తం లేకుండా, ఆడపిల్లల్ని కలుపుకుని తిరిగి వచ్చాయి. రావడం మంచిదే. కాని ఖరీదైన సామానుతో వచ్చాయి కాబట్టి పట్నంలోని కలిగినవాళ్ల దగ్గరే ఎక్కువగా ఆగిపోయాయి.

ఆ సామాను ఖర్చును తగ్గించే పని గుజరాత్, మహారాష్ట్ర ఉపాధ్యాయులు చేశారు. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బోర్డీ అనే ఊరికి వెళ్లింది. అక్కడ అనుతాయి వాఘ్‌తో కలిసి, తర్వాత కోస్బాడ్ కొండ మీద, ఆదివాసి పిల్లల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లింది. గింజలు, గులకరాళ్లు, ఆకులు, మట్టి వాళ్ల బోధనసామగ్రి. పిల్లలు బడికి రాకపోతే బడే వాకిట్లోకి వెళ్లాలన్న వాళ్ల పట్టుదల నుంచే అంగన్‌వాడీ అన్న పేరు స్థిరపడింది. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు కేంద్రాలకు ఆ పేరే పెట్టారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆట, పాట, అక్షరం, దాంతోపాటు అన్నం, గుడ్డు, టీకాలు, బరువు తూకం. అయ్యవారి స్థానంలో ఊరి అమ్మాయే టీచరు. అరవై మంది ఆడపిల్లల్నే చూసిన పాత పట్టిక పక్కన ఈ సంగతి పెట్టి చూస్తే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

బాసరలో జ్ఞానసరస్వతి గుడి ముందు వసంత పంచమినాడు తల్లిదండ్రులు ఇప్పటికీ బారులు తీరుతారు. వేలు పట్టి బియ్యంలో అక్షరం దిద్దిస్తారు. ఆ కార్యం పోలేదు, దాని తర్వాత రావలసిన ఇసుక నెలలు పోయాయి. చాలా ఎల్‌కేజీ గదుల్లో మూడున్నరేళ్ల పిల్ల చేతికి నేరుగా పెన్సిలు, నాలుగు గీతల కాపీ పుస్తకం ఇస్తున్నారు. ఆదివారం సాయంత్రానికి పూర్తి చేయాల్సిన హోంవర్కు కూడా. అంగన్‌వాడీ కేంద్రంలో ఆ తొందర తక్కువ, టీచరు మీద పని బరువు ఎక్కువ. రికార్డులు, సర్వేలు, పోషకాహారం లెక్కలు అయ్యాక వేలు పట్టుకోవడానికి మిగిలే సమయం ఎంతో ఆమెకే తెలుసు.

చట్టం కూడా ఆమెకు అండగా నిలవలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కుగా చేసింది. ఆరేళ్ల లోపు పిల్లల సంగతి మాత్రం 45వ అధికరణంలో, రాజ్యం ప్రయత్నించాలి అన్న ఆదేశం కింద ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా అదే గీత గీసింది. మూడేళ్లు నిండిన పిల్లలకు బడి ముందు చదువు కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంది, చేయాలి అనలేదు. ఐదో ఏడు రాగానే ఓనమాలు మొదలుపెట్టాలని వందల ఏళ్లుగా అనుకుంటున్న నేల మీద, ఐదేళ్ల పిల్లకు బడి ఇంకా హక్కు కాదు.